చేప కింద మచ్చ

పిలిచేదాకా ఇక్కడే కూర్చోమన్నాడు బంట్రోతు, కూర్చుంది, మూడేసి కుర్చీలు ఒకే ఇనుప కడ్డీకి బిగించిన వరస అది, ఒకరు కదిలితే మిగతా ఇద్దరూ ఊగాల్సిందే, ఇప్పుడు పక్కన ఎవరూ లేరు కాబట్టి ఈమె ఒక్కతే ఊగుతోంది, కాలు ఆడించడం మానాలి, చిన్నప్పుడు కాలు ఆడిస్తే అమ్మ తొడ మీద చరిచేది, ఎదురుగా తలుపు, తలుపు మీద కొత్తగా బిగించిన పలక, నర్సింగ్ సూపరింటెండెంట్, ఆ పలక వెనక కూర్చున్న మనిషిని ఒకప్పుడు వార్డులో అందరూ పెద్దక్కా అని పిలిచేవాళ్ళు, ఇప్పుడు మేడమ్, చాటున గంజి మేడమ్, గంజి పెట్టిన చీర తనంతట తాను నడిచొస్తున్నట్టు ఉంటుందని కొత్తగా చేరిన నర్సులు పెట్టిన పేరు, మొదటిసారి విన్నప్పుడు ఈమెకూ నవ్వొచ్చింది, నవ్వినందుకు ఆ రోజంతా లోపల ఏదో గుచ్చుకుంది కూడా. ఇవాళ ఏమీ గుచ్చుకోవడం లేదు. ఇవాళ ఆ మనిషికి ఏ పేరు పెట్టినా తక్కువే.

కుడి అరచెయ్యి ఎడమ ముంజేతిని కప్పి ఉందని అప్పుడు చూసుకుంది. ఎప్పుడు కప్పిందో తెలియదు, దానంతట అదే వెళ్ళి కూర్చుంది అక్కడ, పరాయి మగవాడు గదిలోకొస్తే పైట సర్దుకున్నట్టు, ఒళ్ళు మండింది, ఎవరికి భయపడి కప్పింది, ఏం దొంగతనం చేసింది, చెయ్యి తీసి తొడ మీద పెట్టుకుంది, మణికట్టు నుంచి మోచేతి దాకా టాటూ చేప, నీలం పొలుసులు, తోక మణికట్టు దగ్గర రెండుగా చీలి, మూతి మోచేతి మడత వైపు, చెయ్యి మడిస్తే నోరు మూస్తుంది, చాపితే తెరుస్తుంది, పిల్లల వార్డులో ఈమెను పేరుతో పిలిచేవాళ్ళెవరూ లేరు, చేపక్క, డాక్టర్లు కూడా అప్పుడప్పుడు పొరపాటున చేపక్కా అనేసి నాలుక కరుచుకుంటారు, చేపక్క ఉందా డ్యూటీలో, చేపక్క రాకపోతే సూది వేయించుకోను. అలాంటి చేపను చూసి నిన్న డైరెక్టర్ ముక్కు చిట్లించాడు, చిట్లించి ఏమన్నాడు, ఆ మాట మళ్ళీ తలుచుకోకూడదనుకుంది, తలుచుకుంటే లోపలికి వెళ్ళాక గొంతు వణుకుతుంది, కానీ వద్దన్న మాటే నాలుక మీద తిరుగుతుంది, పంటి సందులో ఇరుక్కున్న పీచులాగా.

నిన్న ఉదయం ఒక పాప ఆయాసంతో ఎగశ్వాస తీసుకుంటోంది, మందు పొగలా వచ్చే మాస్కు ముక్కుకి పెడితే పీకి పారేస్తోంది, తల్లి ఒక పక్క ఏడుస్తోంది, ఈమె పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎడమ చెయ్యి చాపింది, చేప ఊపిరి ఎలా పీలుస్తుందో చూడు, నోరు తెరిచింది, మూసింది, తెరిచింది, నువ్వు కూడా, పాప వేలు చేప కంటి మీద పెట్టింది, మాస్కు సంగతి మరిచిపోయింది, పీల్చింది, వదిలింది, రొమ్ములో పిల్లికూతలు కొంచెం కొంచెంగా తగ్గుతున్నాయి, అప్పుడొచ్చారు వాళ్ళు, కొత్త డైరెక్టర్, ఆయన వెనక కోట్లు వేసుకున్న అతిథులు, ఆయన పక్కన అడుగు వెనకగా మేడమ్. ఆయన ఆగాడు. పాపను చూడలేదు, మాస్కును చూడలేదు, చేతిని చూశాడు. ఇది ఆసుపత్రా, సర్కస్సా, అన్నాడు. అతిథులు నవ్వారు, నవ్వాలి కాబట్టి. ఇలాంటివాళ్ళని పిల్లల దగ్గర పెట్టకండి అన్నాడు మేడమ్‌తో, కుర్చీ విరిగింది మార్పించండి అన్నంత మామూలుగా. ఈమెకు ఆయన మీద పెద్ద కోపం రాలేదు, ఆయనెవరు, నిన్న కాక మొన్న వచ్చాడు, ఈ గోడలకి కొత్త రంగు వేయించాడు, బయట బోర్డు మీద పళ్ళు కనిపించేలా నవ్వుతున్న నర్సు బొమ్మ పెట్టించాడు, ఆ బొమ్మలో ఉన్నది నర్సు కూడా కాదు, ఎవరో అద్దెకొచ్చిన పిల్ల, స్టెతస్కోపు తలకిందులుగా మెడలో వేసుకుంది, ఆయనకి తెలియదు, ఆయనకి ఏమీ తెలియదు, తెలియని వాడితో పేచీ ఏముంది. ఆ పక్కన నిలబడ్డ మనిషికి తెలుసు. ఈ లోకంలో ఆ చేప ఎందుకుందో తెలిసిన నలుగురిలో ఆవిడ ఒకత్తి, మిగతా ముగ్గురూ ఈమె ఇంట్లో ఉంటారు. ఆవిడ ఏమంది? చూస్తానండి అంది. అంతే. చూస్తానండి.

లోపల ఫోను మోగింది, ఆవిడ గొంతు, మెత్తగా, అవునండి, తప్పకుండానండి, ఇంకా సేపు పడుతుందన్నమాట. జేబులో తొడుగు ఉబ్బెత్తుగా తగులుతోంది, మణికట్టు నుంచి మోచేతి పైదాకా లాక్కునే సాగుడు గుడ్డ, టాటూలున్న వాళ్ళంతా డ్యూటీలో ఇది వేసుకోవాలని కొత్త నియమం, చర్మం రంగులో ఉంటుంది, ఎవరికీ తెలియదు అని పంచిపెట్టారు, చర్మం రంగట, ఎవరి చర్మమో చెప్పలేదు, గోడకి పూసే సున్నంలో కాస్త గులాబీ కలిపినట్టుంది, ఈమె నల్లటి చేతికి అది తొడిగితే చెయ్యి వేరొకరిది తెచ్చి అతికించినట్టుంది, మొదటి రోజు ఒక పిల్లాడు భయపడి నీ చెయ్యి విరిగిందా అని అడిగాడు, ఇంకొకడు చేప చచ్చిపోయిందా అని అడిగి బావురుమన్నాడు. అయినా వేసుకుంది. గొడవెందుకని వేసుకుంది, కుక్కిన పేనులా వేసుకుని తిరిగింది, ఒక మంచం దగ్గర పిల్ల కక్కితే అంచు తడిసేది, ఇంకో మంచం దగ్గర చీము అంటేది, మార్చుకోవడానికి రెండోది ఉండేది కాదు, ఉతికి ఆరేస్తే ఆరేది కాదు, ఒక పిల్ల రోగం ఇంకో పిల్లకి మోసుకెళ్తున్నానని తెలిసీ మోసింది, అదిగో ఎదురుగా గోడ మీద ఇదే ఆసుపత్రి వాళ్ళు అతికించిన కాగితం, మోచేతి కింద గాజులు, గడియారం, గుడ్డ ఏవీ ఉండకూడదు, సబ్బుతో మోచేతి దాకా కడగాలి అని బొమ్మలేసి మరీ చెప్పారు, కడుక్కోమని ఒక నోటితో, కప్పుకోమని ఇంకో నోటితో, ఈ రెండు నోళ్ళూ ఒకే మొహానివి, ఆ మొహానికి ఎప్పుడూ సబ్బు తగల్లేదు. ఆ ఆయాసం పాప మాస్కు పీకి పారేసినప్పుడు ఈమె తొడుగు పీకి పారేసింది. చేసింది తప్పని ఎవరైనా అననీ, ఏ తల్లినైనా అడిగి చెప్పమను.

ఆ సర్జన్ ఉన్నాడు కదా, ఎముకలు అతికేవాడు, చొక్కా చేతులు పైకి మడిస్తే ముంజేతి నిండా నల్లటి అలలు, మెడ దగ్గర ఏదో అక్షరం, ఆయన్ని ఇదే డైరెక్టర్ భుజం తట్టి ఎక్కడ వేయించారు డాక్టర్, భలే ఉంది అన్నాడు, లిఫ్టులో, ఈమె వెనకే నిలబడి ఉంది మూత్రం డబ్బా పట్టుకుని. ఆయనది కళ, ఈమెది సర్కస్. ఆయన ఒంటి మీద సముద్రమే ఉన్నా ఫర్వాలేదు, ఈమె ఒంటి మీద ఒక్క చేప ఉండకూడదు. నవ్వొచ్చింది, నవ్వు కాదు, ముక్కులోంచి గాలి వచ్చింది, బంట్రోతు తల తిప్పి చూశాడు, ఏమీ లేదన్నట్టు తల ఊపింది, అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఇన్నాళ్ళూ మాట వరసకే తెలుసు.

మంట. ఆ మాట దగ్గరకొస్తే మనసు జారుతుంది, ఎప్పుడూ అదే మెట్టు మీద. ఈమె అప్పుడు కొత్త, పెళ్ళయి కూడా కొత్త, వార్డు చివర చిన్న గదిలో పనిముట్లని ఆవిరితో శుద్ధి చేసే డ్రమ్ము ఉండేది, దాని మూతకి చుట్టూ రబ్బరు, ఆ రబ్బరు ఎండి పగుళ్ళిచ్చింది, ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు సున్నా మీదకొచ్చినా లోపల ఆవిరి మిగిలే ఉండేది, బుస్సుమనేది, పెద్దక్కా ఇది మార్పించాలి అని ఈమె చెప్పింది, ఇంకొకరు కూడా చెప్పారు, పెద్దక్క ఆ వార్డుకి పెద్ద, పైవాళ్ళకి అంతా బాగుందని చెప్పుకుని వచ్చింది, మాటొస్తుందని, సర్దుకోండమ్మా, జాగ్రత్తగా తియ్యండి అంది. జాగ్రత్తగానే తీసింది. ముల్లు సున్నా మీదే ఉంది. మూత తెరుచుకోలేదు, దూకింది, తెల్లటి ఆవిరి, మొదట వేడి తెలియలేదు, చల్లగా అనిపించింది, అదే విచిత్రం, ముంజేతి మీద ఎవరో ఐసు గడ్డ పెట్టినట్టు, తర్వాత అరుపు వినిపించింది, ఎవరో పిల్లలు అరిచారనుకుంది, ఆ అరుపు తనదే.

పెద్దక్క పరిగెత్తుకొచ్చింది. చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది, అది మరిచిపోలేదు, ఎంత కోపంలోనూ అది మరిచిపోలేదు, ఈమె చేతిని కుళాయి కింద పట్టుకుని అలాగే నిలబడింది, నీళ్ళు ఆవిడ చీర మీద పడుతున్నా, కళ్ళలోంచి పడుతున్నా, అయిపోయింది తల్లీ, అయిపోయింది, ఇంకొంచెం, నా బంగారం, ఇంకొంచెం ఓర్చుకో అంటూ, కన్నతల్లి కూడా అంత సేపు పట్టుకోదు. అంత ప్రేమగా పట్టుకున్న మనిషే, కుళాయి కట్టేశాక, డాక్టరు దగ్గరికి నడిపించే ముందు, చెవి దగ్గర చెప్పింది. ఇంట్లో కాలిందని చెప్పమ్మా. పైవాళ్ళకి రబ్బరు బాగుందని చెప్పాను. నా ఉద్యోగం పోతుంది. నా పిల్లలు చిన్నవాళ్ళు. ఆ వయసులో, ఆ నొప్పిలో, అంత ప్రేమగా పట్టుకున్న మనిషి అడిగితే కాదంటుందా ఎవరైనా? ఇంట్లో కాలిందండి అంది. డాక్టరు తలెత్తి చూశాడు. ఇంట్లోనా? ఎలా? వేడినీళ్ళు ఒలికాయండి. ఎవరు ఒలికించారు? నేనేనండి. ఎవరూ లేరా పక్కన? మీ ఆయన ఏం చేస్తాడు? మీ అత్తగారు మీతోనే ఉంటారా? ఆ చివరి ప్రశ్నకి గాని అర్థం కాలేదు తను ఎక్కడ కాలు పెట్టిందో, అప్పటికే మోకాలి దాకా దిగిపోయింది.

అత్త. అత్తను తలుచుకుంటే కోపం పళ్ళ దగ్గరికి వస్తుంది. అత్త బట్టలు కుడుతుంది, ఇంటి ముందు గదిలో మిషను, గోడకి వేలాడే కొలతల టేపు, వీధిలో సగం మంది ఆడవాళ్ళ నడుం కొలత నాకు తెలుసు, నోరు విప్పితే యుద్ధాలే అని నవ్వించే మనిషి, కోడలు ఉద్యోగం నుంచి వచ్చేసరికి టీ పెట్టి గ్లాసు మీద పళ్ళెం మూత పెట్టి ఉంచే మనిషి. ఇంట్లో నిజం చెప్పింది ఈమె, ఆ రాత్రే చెప్పింది, భర్త లిఫ్టులు బాగుచేస్తాడు, యంత్రాలు తెలిసినవాడు, రబ్బరు సంగతి వినగానే లేచి నిలబడ్డాడు, ఇప్పుడే వెళ్ళి అడుగుతానన్నాడు, ఈమే చెయ్యి పట్టి ఆపింది, పెద్దక్క పిల్లలు చిన్నవాళ్ళని. మామగారు లేచి ఫ్యాను వేశారు. అత్త ఒక్కటే అంది, సర్లే, మాట ఇచ్చావు కదా. మాట ఇచ్చింది ఈమె, మోసింది అత్త. కోడలి చెయ్యి ఇంట్లో కాలిందనే మాట ఆసుపత్రి గేటు దాటి వీధిలోకి రావడానికి ఎంతసేపు, మాటకి కాళ్ళు అక్కర్లేదు, ఎవరూ ఏమీ అనలేదు, అంటే బాగుండేది, అంటే అత్త జవాబు చెప్పేది, ఊరికే చూసేవాళ్ళు, ముందు కోడలి చేతి వైపు, తర్వాత అత్త మొహం వైపు. ఒకావిడ కొలతలివ్వడానికి వచ్చి చేతులు చాపి నిలబడి, అడగొచ్చో లేదో గాని, మీ కోడలి చెయ్యి ఎలా కాలింది అంది. అత్త నోట్లో గుండుసూదులు ఉన్నాయి, పెదాల మధ్య వరసగా, అవి తీసి జవాబు చెప్పేలోపు ఆవిడ మొహం జవాబు రాసేసుకుంది. ఈమె తలుపు చాటు నుంచి చూసింది. చూసి ఊరుకుంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు, కానీ ఆ కాకులని పిలిచింది ఎవరు, గింజలు చల్లింది ఎవరు.

తర్వాత ఆ కొలతలావిడ ఇంకో దర్జీ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ చెల్లెలూ వెళ్ళింది. అత్త దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు, ఒక ఆదివారం మాత్రం మిషను ముందు ఊరికే కూర్చుని, ఏదీ చెయ్యి ఇటివ్వు అంది, కట్టు ఊడి చాలా నెలలైంది అప్పటికి, మచ్చ ఎర్రగా, మెరుస్తూ, గట్లు గట్లుగా ఉండేది, అత్త గుడ్డ మీద గీసే సుద్ద తీసి ఆ మచ్చ అంచు వెంబడి గీయడం మొదలుపెట్టింది, జాగ్రత్తగా, ఖరీదైన పట్టు గుడ్డ మీద గీసినట్టు, చక్కిలిగిలి పుట్టింది, చెయ్యి లాక్కోబోతే కదలకు అంది, గీయడం అయ్యాక తల వెనక్కి వాల్చి చూసి, ఇది చేపే, తోక కూడా ఉంది చూడు, కన్నొక్కటే తక్కువ అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక అత్త అంది, గుడ్డ చిరిగితే చిరుగు మీద పువ్వు కుడతామే, చిరిగిందని ఎవరికి గుర్తుంటుంది, పువ్వు బాగుందంటారు. నీ చెయ్యి చూసి నా మొహం చూస్తున్నారే. నీ చెయ్యే చూసి ఊరుకునేలా ఏదైనా చేయించుకోకూడదూ. అత్త అడిగింది అదొక్కటే, ఈ ఇంట్లో కాలు పెట్టినప్పటి నుంచి ఇవాళ్టి దాకా అదొక్కటే. సందులో టాటూలు వేసే కుర్రాడు కాలిన చర్మం మీద సరిగ్గా పట్టదక్కా, నొప్పి ఎక్కువ అన్నాడు, కాలినప్పటి కంటే ఎక్కువా అంది ఈమె, అత్త పక్కనే స్టూలు మీద కూర్చుని కుట్టు సరిచూసినట్టు ప్రతి పొలుసూ సరిచూసింది, ఇక్కడ వంకర పోయింది బాబూ, ఇక్కడ రంగు పలచబడింది. చేప వచ్చాక నిజంగానే వీధిలో చూపులు చేతి దగ్గరే ఆగిపోయాయి. ఆగిపోయాయి గాని వెళ్ళిపోయిన వాళ్ళు తిరిగి రాలేదు. అడగని ప్రశ్నకి ఎవరు జవాబు చెబుతారు? ఇప్పటికీ ఎక్కడైనా పెళ్ళిలో నలుగురాడవాళ్ళు మాట్లాడుకుంటూ అత్త రాగానే మాట మారుస్తారు, అత్త నవ్వుతూ వాళ్ళ మధ్యలో కూర్చుంటుంది, నడుం కొలతల జోకు వేస్తుంది. ఆ జోకు అరిగిపోయింది. అది విన్నప్పుడల్లా ఈమెకు లేచి బల్ల మీద కొట్టి చెప్పాలనిపిస్తుంది. చెప్పలేదు. పెద్దక్కకి మాట ఇచ్చింది.

మరి పెద్దక్క ఏం చేసింది ఆ మాటతో? మెట్టు చేసుకుంది. ఎక్కింది. ఆవిడ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, కొడుకు ఉద్యోగంలో చేరితే వార్డంతా స్వీటు పంచింది, ఈమె కూడా తిన్నది, తీయగానే ఉంది. ఏరు దాటాక తెప్ప తగలేశారన్నా బాగుండేది, తగలేస్తే కనీసం ఒకప్పుడు తెప్ప ఉండేదని గుర్తుంటుంది, ఈవిడ ఒడ్డెక్కి ఏదీ తెప్ప అంటోంది, నేను ఈదుకుంటూ వచ్చాను అంటోంది. లోపలికి వెళ్ళాక ఏం చెప్పాలో ఈమె మనసులో అప్పగించుకోవడం మొదలుపెట్టింది, ముందు తొడుగు సంగతి, కడగడం సంగతి, గోడ మీద కాగితం, సర్జన్ అలలు, ఒక్కొక్కటీ, నెమ్మదిగా, మర్యాదగా, మేడమ్ అని మొదలెట్టి మేడమ్ అని ముగించాలి, మళ్ళీ వద్దు, ఎందుకు మర్యాద, నిన్న మర్యాద ఎవరు చూపించారు, మళ్ళీ వద్దు, పిల్లల వార్డు పోతుంది, అది పోతే ఏం మిగులుతుంది, పొద్దున్నే తలుపు తోయగానే ఇన్ని గొంతులు ఒకేసారి చేపక్కా అనే ఆ గది పోతే, కొత్త పిల్ల ఏడుస్తుంటే పాత పిల్లలే పెద్ద మనుషుల్లా చేపని చూపించు చేపక్కా, ఏడుపు ఆపుతుంది అని సలహా ఇస్తారు, అది పోతే. మింగాలా, కక్కాలా. రెండూ చేతకాక గొంతులోనే ఉంచుకుని ఇన్నేళ్ళు నవ్వింది. తలుపు తెరుచుకుంది. రమ్మంటున్నారమ్మా అన్నాడు బంట్రోతు.

మేడమ్ కళ్ళజోడు తుడుచుకుంటోంది. కూర్చోమంది. అలిసిపోయిన మొహం, కణతల దగ్గర తెల్లబడ్డ వెంట్రుకలు, వచ్చే ఏడాది రిటైరవుతుందని అందరికీ తెలుసు, ఈమెకు ఒక్క క్షణం జాలేసింది, ఆ జాలి మీదే మళ్ళీ కోపం వచ్చింది. తొడుగు ఎందుకు తీశావని అడిగింది మేడమ్. ఈమె ఆయాసం పాప సంగతి చెప్పింది, తడి సంగతి, రోగాలు మోయడం సంగతి, అప్పగించుకున్నట్టే మర్యాదగా చెప్పింది. మేడమ్ వింది, అవన్నీ తనకి తెలుసంది, తను మాత్రం నర్సు పని చెయ్యలేదా అంది, కానీ కాలం మారింది, బయట నుంచి వచ్చేవాళ్ళు ముందు మనిషి వాలకం చూస్తారు, తర్వాతే పని చూస్తారు, డైరెక్టర్ గారు నిన్ననే ఉద్యోగంలోంచి తీసేయమన్నారు, తనే బతిమాలి ఆపింది, తొడుగు మళ్ళీ తియ్యనని ఒక్క మాట ఇస్తే పిల్లల వార్డులోనే ఉండొచ్చు, ఇవ్వకపోతే రేపటి నుంచి కింద దుప్పట్లు మడతపెట్టే గది, అక్కడ రోగులూ రారు, అతిథులూ రారు. అంతా మెత్తగానే చెప్పింది. చెప్పి, కళ్ళజోడు పెట్టుకుని, ఈమె చేతి వైపు చూసి, ఇంటి పెద్ద మందలించినట్టు అంది.

"అయినా నీకు ఈ సరదా ఎందుకు పుట్టిందే? ఒంటి మీద బొమ్మలేయించుకునేటప్పుడు ఉద్యోగం గుర్తుండొద్దూ?"

ఈమె ఆవిడ మొహంలోకి చూసింది. నటిస్తోందేమో అని చూసింది. కనురెప్ప అదరలేదు, గొంతు తడబడలేదు. అన్నీ అప్పగించుకుంది బయట కూర్చుని, ఇదొక్కటి అనుకోలేదు, దాస్తుందనుకుంది, బుకాయిస్తుందనుకుంది, మరిచిపోయి ఉంటుందని అనుకోలేదు.

"సరదా కాదండి. మచ్చ మీద వేయించుకున్నాను."

"ఏ మచ్చ?"

ఈమె లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, చెయ్యి ఆవిడ ముందు పెట్టింది, చూడమని కాదు, ముట్టుకోమని, పైకి నీలం పొలుసులే గాని వేలు పెడితే గట్లు తెలుస్తాయి, పిల్లలకి అవే ఇష్టం, ఆవిడ ముట్టుకోలేదు. కానీ కళ్ళజోడు వెనక ఏదో కదిలింది, నీళ్ళు నిలిచిన గుంటలో రాయి పడ్డట్టు, అడుగున ఉన్నది పైకి తేలింది.

"కుళాయి కింద పట్టుకున్నారు మీరు ఈ చేతిని. చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. నేను మర్చిపోలేదు పెద్దక్కా."

ఆవిడ తలుపు వైపు చూసింది. తలుపు సరిగ్గా పడలేదు, ఓరగా తెరిచి ఉంది. నెమ్మదిగా మాట్లాడమంది. అవన్నీ ఎప్పటివో ఇప్పుడెందుకంది. నువ్వు నాకు చేసింది నేను మర్చిపోతానా, అంది, మరిచిపోయిన నోటితోనే. అప్పుడు ఈమెకు తెలిసింది తనకేం కావాలో, గంటసేపు బయట కూర్చుని వెతికినా దొరకనిది, గొంతు వణకలేదు, విచిత్రంగా చాలా నిదానంగా వచ్చింది మాట.

"కప్పుకుంటానండి. నేను రిటైరయ్యేదాకా కప్పుకుంటాను, మాటిస్తాను. ఒక్కటే. డైరెక్టర్ గారి ముందు మీ నోటితో చెప్పండి, ఈ చెయ్యి ఇక్కడ కాలిందని. మా ఇంట్లో కాదని."

"ఇన్నేళ్ళ తర్వాతా?"

"మా అత్తకి ఇంకా ఆ రోజే నడుస్తోందండి."

మేడమ్ బల్ల మీద ఉన్న ఫోను వైపు చూసింది. చెయ్యి దాని దాకా వెళ్ళింది కూడా, వెళ్ళి పక్కనున్న పెన్ను తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. ఆ మొహంలో అబద్ధం లేదిప్పుడు. భయం ఉంది, ఆ రోజు చెవి దగ్గర వినిపించిన భయమే, ఏమాత్రం ముసలిది కాలేదు.

"నేను చెప్పలేనే."

"అయితే నేను కప్పలేనండి."

ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది. రేపటి నుంచి దుప్పట్ల గదికి వెళ్ళమంది. ఈమె సరేనండి అంది, నమస్కారం పెట్టింది, పెట్టినందుకు తన మీద తనకే కోపమొచ్చింది, ఇన్నేళ్ళ అలవాటు చేతులది. నాలుగడుగులు తలుపు దాకా, ఆ నాలుగడుగుల్లో ఆయాసం పాప గుర్తొచ్చింది, రేపు పొద్దున్న ఎవరు చెబుతారు దానికి, ఎవరో చెబుతారు, ఏదో చెబుతారు, కళ్ళు మండాయి, ఏడుపు కాదు, ఏడిస్తే కోపం చల్లారుతుంది, చల్లారకూడదు, ఇన్నేళ్ళు చల్లార్చుకునే బతికింది, కుళాయి కట్టేసినప్పటి నుంచి.

బయట కుర్చీల్లో ఇప్పుడు మనుషులున్నారు. ఇద్దరు నర్సులు, చేతికి కట్టు కట్టుకున్న ఒక ముసలాయన, ఆయన పక్కన నిలబడ్డది కూతురు కాబోలు. బంట్రోతు లేచి నిలబడి, ఏమైందమ్మా, ఆ చేప గొడవేనా అన్నాడు జాలిగా. అవునని వెళ్ళిపోవచ్చు. ఈమె ఆగింది. వెనక తలుపు ఓరగా అలాగే ఉంది, లోపల కుర్చీ కిర్రుమంది.

"ఈ చెయ్యి మా ఇంట్లో కాలలేదు" అంది. వార్డులో మంచాల చివరిదాకా వినపడేలా మాట్లాడే గొంతు అది, ఎప్పుడూ ఇక్కడ వాడలేదు. "ఈ ఆసుపత్రిలో కాలింది, డ్యూటీలో. రబ్బరు పోయిన డ్రమ్ము మూత లేచి కాలింది. మా అత్త నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు."

కుర్చీల్లో వాళ్ళంతా తలెత్తారు. వరసంతా ఒకేసారి ఊగింది. బంట్రోతు ఒకసారి తలుపు వైపు చూశాడు, ఒకసారి ఈమె వైపు చూశాడు. నిజంగానే వినపడలేదో, ఇంకోసారి వినాలనిపించిందో, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగాడు.

"ఏంటమ్మా? ఇంకొంచెం గట్టిగా చెప్పు."

ఈమె మొదటి నుంచి మొదలుపెట్టింది.